రాతిపువ్వు తెర

చింతపల్లి క్వార్టర్స్‌లో కాపురం పెట్టిన తొమ్మిదో రోజు పొద్దున్న, దీపం వెలిగిద్దామని కుముద పదకొండు అగ్గిపుల్లలు గీసింది. ఒక్కటీ అంటుకోలేదు. పుల్లల తలలు మెత్తబడి పెట్టె పక్కకి ఎర్రగా పూసుకుపోయాయి. ఉప్పుజాడీ మూత తీస్తే ఉప్పు నీరైపోయి ఉంది. అమ్మ కట్టిచ్చిన మినపప్పడాలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. ఇంకొకరైతే విసుక్కుందురు. కుముదకి మాత్రం నవ్వొచ్చింది. పెళ్ళై ఇరవై మూడు రోజులు. ఈమధ్య ఆమెకి ఏం చూసినా నవ్వే వస్తోంది. కిటికీ అద్దం మీద పట్టిన తేమలో వేలితో మొగుడి పేరు రాసి, ఆ అక్షరాల కొసల్లోంచి నీటిబొట్లు జారుతుంటే కాసేపు చూస్తూ నిలబడింది.

ఆ తేమ ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియనిదేం కాదు. ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టి ఉంది. త్రినాథ్ ఊరి చివర చేపల పరిశోధన కేంద్రంలో పనిచేస్తాడు. పగలంతా చేపలతో గడిపింది చాలదన్నట్టు ఇంట్లోనూ ఎనిమిది ఏంజెల్ చేపల్ని పెంచుతున్నాడు. అవి వెచ్చటి నీళ్ళలో బతికే చేపలు. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునే ఆ కొండ మీద వాటికి హీటరు ఆపడానికి లేదు. మనుషులకేమో తలుపులూ కిటికీలూ తెరవడానికి లేదు. తొట్టిలోంచి లేచిన ఆవిరి పోయే దారిలేక చల్లటి గోడలకి చెమటలా పట్టేది. బీరువా వెనక నల్లటి బూజు లేచింది. పెళ్ళి పట్టుచీర అంచు మీద బూడిదరంగు మచ్చలు కనబడిన రోజున మాత్రం కుముద నవ్వలేదు.

అయినా ఆ తొట్టి అంటే ఆమెకి ముచ్చటే. చేపలన్నిటికీ పెళ్ళికొచ్చిన చుట్టాల పేర్లు పెట్టేసింది. అందర్నీ తోసుకుంటూ మేతకి ముందుకొచ్చే లావుపాటిది పెదమావయ్య. మూల నిలబడి మొహం తిప్పుకునేది ఆడపడుచు. బీఎస్సీలో చేరిన కొత్తలో లెక్చరరు నేర్పిన అలవాటొకటి ఆమెని వదల్లేదు: దేన్నైనా చూసి ఊరుకోకూడదు, గుర్తు పెట్టాలి. అందుకని తొట్టిలో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అక్కడ గాజు మీద రోజుకొక స్టిక్కరు బొట్టు అంటించేది. రోజురోజుకీ బొట్టు కిందికి దిగేది. దిగినంత నీరూ గోడల మీద, అప్పడాల్లో, అగ్గిపెట్టెలో ఉందన్నమాట.

“ఈ బాధ ఇంకొక్క రెండ్రోజులే,” అన్నాడు త్రినాథ్ ఆ సాయంత్రం.

అన్నట్టుగానే రెండ్రోజులకి కేంద్రం అధిపతి భానోజీరావు గారు జీపులో స్వయంగా వచ్చారు. తడిగోనె విప్పితే లోపల, సన్నటి వల మీద అల్లుకుపోయి, దుప్పటంత తెర ఉంది. బూడిదా పచ్చా కలిసిన రంగు. ముట్టుకుంటే చెవితమ్మెలా మెత్తగా ఉంది. కుముద దగ్గరికెళ్ళి వాసన చూసి, “బిర్యానీ,” అంది.

భానోజీరావు గారు పెద్దగా నవ్వారు. “సరిగ్గా పట్టేసేవమ్మా. మసాలాలో వేసే రాతిపువ్వే. కొండరాళ్ళ మీద పెరుగుద్ది. వాన లేకపోయినా గాల్లో తేమ తాగి బతికేస్తాది. మా చేపల షెడ్లలో తేమ లాగడానికని ఆ తాగే గుణాన్ని మేం ఆరేళ్ళు కూకుని పెంచేం.”

తెరని తొట్టికీ మంచానికీ మధ్య వేలాడదీశారు. కింది అంచున కట్టిన నూలుతాళ్ళ కొసలు తొట్టి మీదికి వంచారు. గాల్లో తేమని తెర తాగుతుంది, తనకి ఎక్కువైంది తాళ్ళ వెంట చుక్కలుగా తొట్టిలోకే వదిలేస్తుంది. తొట్టి పోగొట్టుకున్నది తొట్టికే చేరుతుంది. కరెంటు అక్కర్లేదు, చప్పుడు లేదు. ఈ చలిలో ఒక్క నెల ఈ ఇంట్లో బాగా పనిచేస్తే, గోడలు కారుతున్న కొండమీది ఆసుపత్రి వార్డులో నలభై తెరలు కడతారట.

మూడోరోజుకి అగ్గిపుల్ల మొదటి గీతకే భగ్గుమంది. ఉప్పు పొడిపొడిగా రాలింది. అప్పడం నూనెలో వేస్తే పువ్వులా విచ్చుకుంది. కుముద ఆ రోజు అన్నంలోకి ఆరు అప్పడాలు తింది. అద్దాలు తేటబడి కిటికీలోంచి కాఫీ తోటలు కనిపించాయి. ఇంతకంటే మనిషికి ఏం కావాలి అనుకుంది.

ఆ రోజుల్లోనే త్రినాథ్ ముద్దుచేయడం కూడా ఎక్కువైంది. పొద్దున్న లేవగానే గోరువెచ్చటి నీళ్ళు గ్లాసులో తెచ్చి చేతికిచ్చేవాడు. మళ్ళీ సాయంత్రం ఇంకో గ్లాసు. ఆమె ఖాళీ చేసేదాకా పక్కనే కూచునేవాడు. మేత బస్తాలు తూచే కాటా ఒకటి కేంద్రం నుంచి తెచ్చి వరండాలో పెట్టాడు. కొత్తపెళ్ళికూతురు ఎంత లావవుతోందో చూడాలంటూ రోజూ పొద్దున్నే దాని మీద నిలబెట్టి, అంకె చూసి, ఏదో ఒక వెటకారం చేసి దింపేవాడు. ఆమె ఫోన్లో అమ్మకి చెప్పి మురిసిపోతే, “ఏటే, మొగుడు నిన్ను బస్తాలాగ తూస్తన్నాడా, అందుకా నీకంత సంబరం?” అని అమ్మ దెప్పింది. నాలుగోరోజున మంచం మీద చోటు కూడా మార్చాడు. తెర వైపు తను పడుకుంటానన్నాడు. ఆ చుక్కలు పడే చప్పుడుకి నీకు నిద్ర పట్టదు అన్నాడు. తనకి ఇంత మంచి మొగుడు ఎలా దొరికాడా అని కుముద ఆశ్చర్యపోయింది.

ఆ ఆశ్చర్యం నాలుగు రోజులు నిలిచింది.

ఎనిమిదో రోజున తొట్టి తుడుస్తుంటే తెర కట్టిన నాడు తను అంటించిన బొట్టు నీటి అంచున కనబడలేదు. ఊడి పడిందేమోనని కింద వెతికింది. లేదు. వంగి చూస్తే ఉంది, గాజు బయట తను అంటించిన చోటే. నీళ్ళే దాన్ని దాటి పైకి వచ్చాయి.

దిగాల్సిన నీరు ఆగితే సరే. పెరగడం ఏమిటి?

త్రినాథ్‌ని అడిగింది. అతను చేపలకి మేత వేస్తూ, వెనక్కి తిరక్కుండానే, నిన్న తనే ఒక బకెట్టు పోశానన్నాడు. కుముద సరేనంది. కానీ ఆమె కళ్ళు వరండాలోకి పోయాయి. కుళాయి నీళ్ళు తొట్టిలో తిన్నగా పొయ్యకూడదు, ఒక రోజంతా బకెట్టులో నిలవ ఉంచి మందు వాసన పోయాకే పొయ్యాలి అని ఆమెకి నేర్పిందే అతను. ఆ బకెట్టుని మూడు రోజుల కిందట నిండా పట్టింది తనే. అది ఇంకా నిండుగానే ఉంది. పైన ఒక కాఫీ ఆకు తేలుతోంది.

చిన్న అబద్ధం. చెంబెడు నీళ్ళంత అబద్ధం. దాని అవసరం ఏమొచ్చిందో ఆమెకి అర్థం కాలేదు.

అక్కణ్ణుంచి ఆమెకి అన్నీ కనబడటం మొదలైంది. పెదవులు పగిలి రక్తం జీరలా వస్తోంది, ఇన్నాళ్ళూ చలికేలే అనుకుంది. కొత్తగాజులు మోచేతి దాకా జారుతున్నాయి, కొత్తచోటు కదా అనుకుంది. పొద్దున్న లేచేసరికి నాలుక అట్టలా ఉంటోంది. ఇదంతా చలి పనే అయితే నీళ్ళ గ్లాసు ఎప్పుడూ మెడ దగ్గరున్న గీత దాకానే ఎందుకు ఉంటుంది? ఒక చుక్క ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇంకొంచెం పొయ్యండి అని ఒకనాడు అడిగితే, అతను ఒక్క క్షణం ఆగి, “పొద్దున్నే అన్ని నీళ్ళు తాగితే కడుపులో వికారం,” అన్నాడు. ఆ ఒక్క క్షణం ఆమెకి చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

మార్గశిరం వచ్చింది. పుట్టింట్లో మార్గశిరంలో ప్రతి గురువారం లక్ష్మివారాల నోము తప్పకుండా పడతారు. తెల్లారకముందే తలారా స్నానం. ఆ రోజంతా జుట్టుకి నూనె తగలకూడదు, దువ్వెన పెట్టకూడదు. సాయంత్రం దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. మొదటి లక్ష్మివారం నాడు కుముద తడిజుట్టు వీపున పరుచుకుని గదిలో పూజ చేసుకుంది. మధ్యాహ్నానికి తాళ్ళ కొసల నుంచి చుక్కలు దారంలా పడుతున్నాయి. త్రినాథ్ ఆ పూట భోజనానికని ఇంటికొచ్చి, అన్నం సంగతి మరిచిపోయి, తెర ముందు నిలబడిపోయాడు. నీళ్ళైనా తాగమని ఆమెని రెండుసార్లు బతిమాలాడు. ఆమె వద్దంది. అతను మేత డబ్బా వెనక నుంచి ఒక నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

“ఏటి రాస్తున్నారు?”

“తలస్నానం చేసేవు కదా. తడిజుట్టు నీరంతా తెర తాగింది. అదే రాసేను.”

విన్నంతసేపూ సబబుగానే ఉంది. కానీ బొట్టు మీద నీరెక్కిన నాటి నుంచి సబబుగా ఉన్న మాటల్ని కుముద అవతలి పక్క నుంచి కూడా చూస్తోంది.

రెండో లక్ష్మివారం నాడు ఆమె స్నానం చేసి, జుట్టు విప్పుకుని, వరండా మెట్ల మీద ఎండలో మూడు గంటలు కూచుంది. పిడికిట్లో పట్టి పిండినా తేమ లేదనిపించాక గానీ లోపలికి రాలేదు. వంటింటి తలుపు వేసింది. ఆ రోజు పొయ్యి వెలగలేదు కాబట్టి అన్నం ఆవిరన్న మాటే లేదు. మందులసీసాతో వచ్చిన కొలతగ్లాసు తాళ్ళ కింద పట్టి గడియారం చూసుకుంటూ కూచుంది. పోయినవారం చుక్కలు పడినంత జోరుగానూ గ్లాసు నిండింది. ఉండబట్టలేక తెర వైపు చూసింది. మంచం వైపు అంచు తిన్నగా లేదు. తను పూజకి కూచున్న పీట వైపు నాలుగు వేళ్ళ మేర సాగి, కొస లేతగా పచ్చగా మెరుస్తోంది.

మర్నాడు, శుక్రవారం, కడుపునిండా తిని అదే పీట మీద తడితువ్వాలు ఆరేసింది. గ్లాసులో చుక్కలు మామూలుగానే, నింపాదిగానే పడ్డాయి. తెర తడితువ్వాలుని పట్టించుకోలేదు.

అంటే దానికి కావాల్సింది తడిజుట్టు కాదు, పస్తున్న మనిషి. పస్తులో ఊపిరికి వేరే వాసన వస్తుందని కాలేజీలో చదువుకున్నదే, లోపలి కొవ్వు కరిగి పండిన పండులాంటి వాసన. రాతిపువ్వు సగం నాచు, సగం బూజు. బూజుకి తీపివాసన ఎటుంటే అటు పాకడం పుట్టుక నుంచే వచ్చు. అది ఎటు పాకితే అటు గాలి ఆరిపోతుంది. ఆరిన గాలి ఒంట్లో నీళ్ళని లాగేస్తుంది. ఇంట్లో ఎక్కువైన తేమ ఎప్పుడో అయిపోయింది. ఇన్నాళ్ళుగా చేపల తొట్టి నిండుతున్నది తమ ఇద్దరి ఒంట్లోంచి.

ఇది కుముదకి బొట్టు మీద నీరెక్కిన పన్నెండు రోజుల్లో తెలిసింది. ఆరేళ్ళు పెంచిన వాళ్ళకి తెలియదా?

త్రినాథ్ కేంద్రానికి వెళ్ళాక మేత డబ్బా వెనక చెయ్యి పెట్టింది. మొగుడి పుస్తకం చాటుగా చూడటం ఇదే మొదలు. ముత్యాల్లాంటి అతని రాత. పేజీకి రెండు వరసలు. మొదటి వ్యక్తి, రెండవ వ్యక్తి. రెండవ వ్యక్తి బరువు తెర కట్టిన నాడు యాభై ఒకటిన్నర, ఈ పొద్దున్న నలభై తొమ్మిది. రెండవ వ్యక్తికి ఉదయం ఇచ్చిన నీరు, సాయంత్రం ఇచ్చిన నీరు. రెండవ వ్యక్తి పెదవులు: పగుళ్ళు, స్వల్పం. ఆ రోజు అతను చూపుడువేలితో పెదవి నిమిరి వెన్న రాశాడు. రాత్రికి ఫోన్లో స్నేహితురాలికి ఆ సంగతి చెప్పుకుని తను సిగ్గుపడింది కూడా.

రెండు గురువారాలకి ఎదురుగా ఒకే మాట ఉంది: తలస్నానం, లెక్కలోంచి తీసివేయాలి.

పుస్తకం మూయబోతూ మొదటి వ్యక్తి వరస చూసింది. నాలుగోరోజు నుంచి అతని బరువు తనకి రెండింతలు తగ్గుతూ వచ్చింది. ఆ రోజే అతను మంచం మీద చోటు మార్చుకున్నది.

ఏడవాలో కోప్పడాలో తెలియక ఆమె చాలాసేపు పెదమావయ్య ఈదడాన్నే చూస్తూ కూచుంది.

సాయంత్రం త్రినాథ్ వచ్చేసరికి పుస్తకం తొట్టి మీద తెరిచి ఉంది. అతను చూశాడు, చెప్పులు విడవలేదు. ముందు అన్నీ కాదన్నాడు, తర్వాత కొన్ని ఒప్పుకున్నాడు. ఇంట్లో వాళ్ళకి చెబితే వాళ్ళు మామూలుగా ఉండరని, నీళ్ళు ఎక్కువ తాగేస్తారని, ఫలితం చెడుతుందని భానోజీరావు గారే చెప్పొద్దన్నారట. ఒంట్లోంచి కొద్దిగా లాగుతుందని ముందే అనుమానం ఉందట. కొద్దిగానే కదా అనుకున్నారట. అనుమానం గట్టిపడ్డాకే తను ఆ పక్కకి మారాడట.

“నీకేం కాకూడదనే కదా కుముదా నేనటు పడుకున్నాను.”

“పడుకున్నారు,” అంది కుముద. “పొద్దున్నే లేచి నా బరువూ రాశారు. నేను కాటా ఎక్కి నవ్వేను చూడండి, అది ఏ వరసలో రాశారు?”

అతను అప్పుడు వంగి చెప్పులు విడిచాడు. ఆమె తను ఎండలో కూచున్న సంగతి, తువ్వాలు సంగతి, పీట వైపు సాగిన అంచు సంగతి ఒక్కొక్కటీ చెప్పింది. వింటుంటే త్రినాథ్ మొహంలో రంగు మారింది. పస్తు సంగతి అతనికి నిజంగా తట్టలేదు. తట్టకపోవడానికి కారణం తడిజుట్టు అన్న మాట అంత వీలుగా దొరకడమే. వెతకడం మానేయడానికి మనిషికి ఒక మంచి కారణం చాలు. కనీసం ఇప్పుడు అతని మొహం అలాగే చెబుతోంది. ఆ మొహాన్ని ఎంతవరకు నమ్మాలో ఆమెకి తెలియలేదు.

వార్డులో పడుకునే వాళ్ళలో ఆపరేషనుకని పొద్దుట్నుంచీ ఏమీ తినని వాళ్ళుంటారు, జ్వరానికి తిండి సయించని వాళ్ళుంటారు అని మాత్రం గుర్తుచేసింది. ఆ రాత్రికే తెరని గోనెలో చుట్టి వరండాలో పడేశారు. భానోజీరావు గారు తుది లెక్కలు తీసుకోవడానికి వచ్చేది వచ్చే లక్ష్మివారం. ఆయనతో ఏం చెబుతారని ఆమె అడగలేదు. నేను చెబుతానని అతనూ అనలేదు. మధ్యలో ఉన్న అయిదు రోజులూ ఇద్దరూ ఇంట్లో ఎంతో మర్యాదగా తిరిగారు. అతను నీళ్ళు తేలేదు. ఆమె అడగలేదు. అద్దాలకి మళ్ళీ తేమ పట్టింది.

లక్ష్మివారం నాడు జీపు పది గంటలకి వచ్చింది. కుముద నోములో ఉంది. కాఫీ ఇచ్చి, వంటింట్లోకి వెళ్ళకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. భానోజీరావు గారు గోనెలో చుట్టిన తెరని చూసి, తీసుకెళ్ళడానికి సిద్ధంగా బాగానే చుట్టేరు అని మెచ్చుకుని, కళ్ళజోడు పెట్టుకుని నోటుపుస్తకం తిరగేశారు. అంతా బాగుందన్నారు. వారం పదిరోజుల్లో వార్డుకి పంపించేయొచ్చు, అచ్చయ్యే పరిశోధన కాయితం మీద త్రినాథ్ పేరే మొదట ఉంటుంది అన్నారు. రెండు పేజీల దగ్గర ఆగారు.

“ఈ గురువారాల్లో ఎక్కువ తాగింది తలస్నానాల వల్లేనా? ఖాయమేనా?”

త్రినాథ్ గుమ్మం వైపు చూశాడు. కుముద ముఖంలో ఏమీ లేదు. అతను మళ్ళీ పుస్తకం వైపు చూశాడు, మళ్ళీ గుమ్మం వైపు.

“కాదు సార్,” అన్నాడు. “నేను తప్పు రాసేను.”

ఆ తర్వాత అంతా చెప్పాడు. పస్తు సంగతి, అంచు సాగిన సంగతి. బకెట్టు నీళ్ళు పోశానని పెళ్ళానికి అబద్ధం చెప్పిన సంగతి కూడా చెప్పాడు. అది చెప్పాల్సిన పనేమీ లేదు. భానోజీరావు గారు మొదట కోప్పడ్డారు. రెండు గురువారాలకే ఆరేళ్ళ పనిని కాదంటావేటని గద్దించారు. తరవాత కళ్ళజోడు తీసి, పస్తున్న ఆ అమ్మాయి పెదవుల కేసి ఒక్కసారి చూసి, పుస్తకం మూసేశారు. లేచి తెరని తనే భుజాన వేసుకుని జీపు దాకా మోసుకెళ్ళారు. వార్డు గోడలకి ఈ ఏడు సున్నమే వేసుకుంటారు. త్రినాథ్ పేరు ఏ కాయితం మీదా ఉండదు.

జీపు మలుపు తిరిగాక అతను గుమ్మం దగ్గరికి వచ్చాడు. బరువు దించుకున్న మనిషి మొహం. “చెప్పేశాను కదా,” అన్నాడు. మెచ్చుకోలు కోసం చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. కుముద తల ఊపింది. నిజమే, చెప్పేశాడు. తన ఎదురుగా చెప్పాడు. రెండుసార్లు తన మొహం చూసి చెప్పాడు. కాఫీ ఇచ్చి తను వంటింట్లోకి వెళ్ళిపోయి ఉంటే? అడిగితే అప్పుడూ చెప్పేవాణ్ణే అంటాడు. బహుశా అదే నిజం. కాకపోవడానికి ఎంత వీలుందో, కావడానికీ అంతే ఉంది. అది తేల్చుకునే దారి ఇక ఎప్పటికీ లేదు.

“ఏటాలోచిస్తన్నావ్?” అన్నాడు త్రినాథ్.

“ఏం లేదండీ,” అంది కుముద.

అతనికి ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. అతను వెంటనే నమ్మేశాడు.